పాత ఇంటి వైరింగు: రెండు పిన్నుల సాకెట్ తీసి మూడు పిన్నులది బిగించే ముందు

"మా ఇంట్లో అన్నీ పాత రెండు పిన్నుల సాకెట్లే. వాటి చోట మూడు పిన్నులవి పెట్టుకోవచ్చా?" "ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జిల్లుమంటోంది, సాకెట్ మారిస్తే పోతుందా?" హైదరాబాద్‌లో బర్కత్‌పుర, నల్లకుంట, సుల్తాన్ బజార్, సికింద్రాబాద్ పాత గల్లీల్లో ఇళ్లున్నవాళ్లు అటూ ఇటుగా ఇవే అడుగుతుంటారు. సాకెట్ ముఖం మార్చడం పది నిమిషాల పని. దాని మూడో రంధ్రం వెనక నిజంగా ఎర్త్ (లీకైన కరెంటును నేలలోకి దింపే తీగ) ఉందా లేదా తేల్చడమే అసలు పని. ఎర్త్ లేని మూడు పిన్నుల సాకెట్ రెండు పిన్నులదానికంటే ప్రమాదం. లేని రక్షణ ఉందని అది నమ్మిస్తుంది, నమ్మి గీజర్ తగిలిస్తాం.

కింద చెప్పిన వాటిలో చూడటం, రాసుకోవడం, కొన్ని పరీక్షలు మీరే చేసుకోవచ్చు. మెయిన్ బోర్డు విప్పడం, కొత్త లైన్లు లాగడం, ఎర్త్ గొయ్యి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. ఏం చేయించాలో, చేశాక ఏం చూడాలో తెలుసుకోవడానికి ఇది చదవండి. మీటరు, దాని సీలు, స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు విద్యుత్ సంస్థ టీజీఎస్పీడీసీఎల్‌వి. అక్కడ వైరు కాలినా, సీలు ఊడినా 1912కు ఫోన్ చేయాలి తప్ప ముట్టుకోకూడదు.

కావలసినవి

- టెస్టర్, మల్టీమీటరు. టెస్టర్ ఒక్కదాన్నే నమ్ముకుని పని మొదలుపెట్టొద్దు. ఎందుకో రెండో అడుగులో ఉంది.
- 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు, హోల్డర్, దానికి మీటరు పొడవు వైర్లు రెండు. ఇది టెస్ట్ ల్యాంప్. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు.
- 500 వోల్టుల మెగ్గర్, అంటే వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు. కొనక్కర్లేదు, మంచి ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది. లేదంటే ఆయన పాత ఇంటి పనికి తగినవాడు కాదని అర్థం.
- పిడికి ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయరు, టార్చి, పొడి చెక్క స్టూలు, రబ్బరు చెప్పులు.
- కాగితం టేపు, మార్కర్ పెన్ను, నోటుబుక్కు. అందరూ మరిచేవి ఇవే.

సామాను ట్రూప్ బజార్‌లో గానీ రాణిగంజ్‌లో గానీ కొనండి. ఐఎస్ఐ గుర్తు, వైరు మీద ప్రతి మీటరుకూ అచ్చయిన సైజు చూడండి. అచ్చు లేని చుట్టలో రాగి తక్కువ ఉంటుంది. కొనడం మాత్రం నాలుగో అడుగు దాటాకే.

1. ఇంటి పటం గీయండి

ప్రతి గదిలో ఏ గోడకు ఏ బోర్డు ఉంది, అందులో ఎన్ని స్విచ్‌లు, ఎన్ని సాకెట్లు అన్నది రాసుకోండి. లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసి ఒక్కో ఫ్యూజు తీస్తూ ఏవేవి ఆగాయో గుర్తు పెట్టండి. పాత ఇళ్లలో సగం ఇల్లు ఒకే ఫ్యూజు మీద ఉండటం మామూలే. లైట్లు, ఫ్యాన్ల సర్క్యూట్‌కు పది పాయింట్లు, 800 వాట్లు దాటకూడదన్నది లెక్క. మీ పటంలో ఒక్క ఫ్యూజు మీదే పద్దెనిమిది పాయింట్లు, వాటి మధ్యలో మిక్సీ, ఇస్త్రీపెట్టె ఉంటే ఫ్యూజు ఎందుకు ఊరికే పోతోందో అక్కడే తెలిసిపోతుంది.

రెండు విషయాలు ఇక్కడే పట్టుకోవాలి. ఒకటి, ఇన్వర్టర్. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైన్లలో 230 వోల్టులు ఉంటూనే ఉంటాయి. రెండోది, అన్నదమ్ములు వాటాలు పంచుకున్న ఇళ్లు. గోడ మధ్యలో కట్టారు గానీ వైర్లను ఎవరూ విడదీయలేదు. మీ నడవలో లైటు మీ పెదనాన్నగారి వాటా మీటరు నుంచి వస్తూ ఉండొచ్చు. మీ మెయిన్ ఆపి, ఇన్వర్టర్ కూడా ఆపాక ఏ పాయింటులోనైనా కరెంటు మిగిలితే ఆ బోర్డు మీద ఎర్ర టేపు వేయండి. రెండు వాటాలకు వేరు వేరు ఫేజులు ఇచ్చి ఉంటే అలాంటి బోర్డులో రెండు వైర్ల మధ్య 400 వోల్టులు దాకా ఉంటాయి. ఆ బోర్డు విప్పేటప్పుడు రెండు మీటర్ల మెయిన్లూ ఆగి ఉండాలి, రెండు వాటాలవాళ్లకూ ముందే చెప్పి ఉండాలి.

2. కరెంటు పోయిందని తేల్చుకోండి

ఇనప పెట్టె, పక్కన పిడి ఉన్న పాత మెయిన్ స్విచ్‌లో పిడి దిగినా లోపలి కత్తుల్లో ఒకటి ఇరుక్కుపోయి ఉండొచ్చు. అందుకే పిడిని చూసి నమ్మకండి.

తీరు ఇది: కరెంటు ఉందని తెలిసిన చోట మీటరు పెట్టి 230 చూపిస్తోందో లేదో చూడండి. తర్వాత మీరు విప్పబోయే చోట పెట్టండి, సున్నా రావాలి. మళ్లీ కరెంటున్న చోట పెట్టి మీటరు ఇంకా బతికే ఉందని చూసుకోండి. ఫేజ్ అంటే కరెంటు వచ్చే వైరు, న్యూట్రల్ అంటే తిరిగి వెళ్లే వైరు. ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్, మూడు జతలూ చూడాలి.

టెస్టర్ రెండు వైపులా మోసం చేస్తుంది. చెక్క స్టూలు మీద రబ్బరు చెప్పులతో నిలబడితే కరెంటున్నా వెలుగు సరిగా కనిపించదు, ఎండలో అసలే కనిపించదు. పక్కన లైవ్ వైరు వెళ్తుంటే కరెంటు లేని వైరు మీద కూడా మినుకుమంటుంది.

ఇంకో ఉచ్చు న్యూట్రల్ ఫ్యూజు. పాత బోర్డుల్లో పింగాణీ ఫ్యూజులు ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి పెట్టేవారు. న్యూట్రల్ ఫ్యూజు కాలితే లైటు ఆరిపోతుంది, ఫ్యాన్ ఆగుతుంది, చూసేవాళ్లకు కరెంటు లేనట్టే ఉంటుంది. వైరులో మాత్రం ఫేజ్ నిలిచే ఉంటుంది. బల్బు ఆరింది కదా అని హోల్డరులో వేలు పెట్టినవాళ్లకు షాక్ కొట్టేది ఇలాగే. అలాంటి ఫ్యూజు కనిపిస్తే ఎలక్ట్రీషియన్ చేత దాన్ని తీయించి న్యూట్రల్ లింకు (ఫ్యూజు లేకుండా నేరుగా కలిపేది) వేయించండి. మిగతా పని వచ్చే ఏడాది చేయించుకున్నా ఇది ఈ వారమే కావాలి.

3. బోర్డు విప్పి వైరు ఏ తరానిదో చూడండి

ఇక్కడ తొందర పడొద్దు. ఖర్చంతా తేలేది ఈ అడుగులోనే.

చెక్క పట్టీలో రెండు గాళ్లు, వాటిలో రెండు వైర్లు, పైన చెక్క మూత ఉంటే అది కేసింగ్ వైరింగు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం 1920లో మొదలైన తర్వాతి దశాబ్దాల్లో కట్టిన ఇళ్లలో అక్కడక్కడ ఇంకా కనిపిస్తుంది. లోపల రబ్బరు వైరు, దాని మీద నూలు అల్లిక, ఆ పైన తారులాంటి నల్ల పూత. ఫేజ్, న్యూట్రల్ రెండూ నల్లగానే ఉంటాయి కాబట్టి రంగు చూసి ఏదీ తేల్చలేరు.

టేకు పట్టీ మీద బల్లపరుపు వైరును తగరపు పూత క్లిప్పులతో బిగించి ఉంటే బ్యాటన్ వైరింగు. అడ్డంగా వెళ్లే చోట 10 సెంటీమీటర్లకు, నిలువుగా 15కు ఒక క్లిప్పు వేసేవారు. ఇందులో రెండు తరాలున్నాయి: నల్లటి గట్టి రబ్బరు తొడుగున్నది పాతది, పీవీసీ తొడుగున్నది ఆ తర్వాతది. గోటితో నొక్కండి. పీవీసీ కాస్త దిగి మళ్లీ లేస్తుంది. ముసలి రబ్బరు పెచ్చులూడుతుంది.

ఆపై అల్యూమినియం తరం. తెల్లగా మెరిసే తీగంతా అల్యూమినియం కాదు. పాత రబ్బరు వైర్లలో రాగికి తగరం పూత ఉండేది, ఎందుకంటే రబ్బరులోని గంధకం రాగిని తింటుంది. చాకుతో తీగను గీకండి: లోపల ఎర్రగా కనిపిస్తే రాగి, లోపలా తెల్లగానే ఉంటే అల్యూమినియం. రెండు మూడుసార్లు వంచితే పుటుక్కున విరిగేదీ అల్యూమినియమే.

చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. పట్టీ మధ్యలో వైరు బాగుందని మురిసిపోవద్దు. సీలింగ్ రోజ్ లోపల, బల్బు హోల్డరు పైన, వంటింటి బోర్డు వెనక చూడండి. వేడికి ముందు చచ్చేది అక్కడే. మిద్దె కారే గది, నల్లా పక్క గోడ, స్నానాల గది బయటి బోర్డు తర్వాత చూడండి. టేకు పట్టీ వెనక మట్టి గీత కనిపిస్తే చెదలు పట్టాయి. పట్టీ ఊడితే వైరు తన బరువు మీద తానే వేలాడుతుంది. క్లిప్పుల మేకులు తుప్పు పట్టి వైరు తొడుగులోకి దిగాయేమో కూడా చూడండి.

పాత సైజులు గేజులో చెప్పేవారు, ఇప్పటికీ పెద్ద మేస్త్రీల నోట అవే వస్తాయి. 1/18 అంటే ఒకే తీగ, సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు. 3/22 కూడా అంతే. 3/20 సుమారు 2, 7/20 సుమారు 4.6. ఈ లెక్క రాగికే. అదే సైజు అల్యూమినియం మోసేది అంతకంటే తక్కువ.

4. ఉంచాలా, తీసేయాలా

రబ్బరు వైరు ఏదైనా సరే, తీసేయండి. మెగ్గర్ రీడింగ్ బాగా వచ్చినా తీసేయాలి. కదపనంతసేపూ అది బాగానే చూపిస్తుంది. కొత్త స్విచ్ కోసం చివర వంచిన మరుక్షణం లోపల పగులుతుంది. కొస కత్తిరించి మంచి భాగం దాకా వెనక్కి వెళ్దామనుకునేవాళ్లు అరగజం కత్తిరించాక కూడా మంచి భాగం దొరక్క ఆగిపోతారు.

అల్యూమినియం వైరు మీద లైట్లు, ఫ్యాన్లు ఇంకొంతకాలం నడవొచ్చు, సాకెట్లు మాత్రం వద్దు. అల్యూమినియం స్క్రూ కింద మెల్లగా నలిగి వదులవుతుంది, గాలికి పొర కట్టి కరెంటును అడ్డుకుంటుంది, అక్కడ వేడి పుడుతుంది. దాన్ని రాగి వైరుతో మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు ఇంకా చెడ్డది. బేక్‌లైట్ స్విచ్ ఒక మూల గోధుమ రంగు నుంచి నల్లగా మారి, కాలిన వాసన వస్తుంటే కారణం తొంభై పాళ్లు ఇదే.

పీవీసీ తొడుగు, రాగి తీగ ఉండి, ఎర్త్ వైరు మాత్రం లేకపోతే వైరును ఉంచి ఎర్త్ ఒక్కటీ కొత్తగా లాగొచ్చు. దానికి ముందు మెగ్గర్ పరీక్ష చేయించండి.

మెగ్గర్ పెట్టే ముందు బల్బులన్నీ ఊడదీయాలి. ఫ్యాన్ రెగ్యులేటర్లు, ఇన్వర్టర్, టీవీ, చార్జర్లు అన్నీ విడదీయాలి. 500 వోల్టులకు ఎలక్ట్రానిక్ సామాను చచ్చిపోతుంది. స్విచ్‌లు ఆన్‌లో ఉండాలి, లేకపోతే స్విచ్ అవతలి వైరుకు పరీక్షే జరగదు. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి ఎర్త్‌కు ఒకసారి, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఒకసారి చూడాలి. 1 మెగాఓమ్‌కు తగ్గకూడదు.

ఈ ఊళ్లో ఒక తిరకాసుంది. మే నెలలో గోడలు ఎండి పెళుసెక్కి ఉంటాయి, పాత వైరు కూడా భేషైన రీడింగ్ ఇస్తుంది. అదే ఆగస్టులో మిద్దె చెమ్మ దిగాక పదో వంతుకు పడిపోతుంది. ఎర్త్ దీనికి తలకిందులు: వానల్లో బాగుంటుంది, మేలో గొయ్యి ఎండి పాడవుతుంది. కాబట్టి వైరు పరీక్ష వానాకాలంలో, ఎర్త్ పరీక్ష ఎండాకాలంలో చేయించిందే లెక్క. అవతలి కాలంలో వచ్చిన మంచి మార్కులు పట్టించుకోకండి.

5. ఎర్త్ ఉందా?

బోర్డులో మూడో స్క్రూకు ఆకుపచ్చ వైరో, తొడుగు లేని జీఐ (జింకు పూత ఇనప) తీగో తగిలి ఉంటే సరిపోదు. ఆ తీగ వెంటే నడిచి చివర ఎక్కడ దిగిందో చూడండి. చాలా ఇళ్లలో అది నల్లా పైపుకు చుట్టి ఉంటుంది. ఇనప పైపుల కాలంలో అది ఎంతో కొంత పనిచేసేది. మధ్యలో ప్లంబరు వచ్చి ఒక ముక్క పీవీసీ వేశాడంటే ఎర్త్ అక్కడితో తెగింది, పైగా షాక్ మీ కుళాయిలోకి వస్తుంది.

పరీక్ష ఎలక్ట్రీషియన్ చేయాలి. ముందు ఇంట్లో అన్ని ప్లగ్గులూ తీసేయండి, పరీక్ష అయ్యేదాకా కుళాయిలు, ఇనప సామాను ఎవరూ ముట్టుకోవద్దు. ఎర్త్ లేకపోతే ఆ కాసేపూ ఎర్త్ తీగ తగిలిన ప్రతి లోహం లైవ్ అవుతుంది. టెస్ట్ ల్యాంప్‌ను ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య పెట్టి వెలుగు చూడండి. తర్వాత ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య. వెలగకపోయినా, ఎర్రగా మసకగా వెలిగినా ఎర్త్ లేదు. మల్టీమీటరు ఒక్కటే పెట్టి 230 వచ్చింది కాబట్టి ఎర్త్ బాగుందనడం అన్నిటికంటే ఎక్కువ చూసే పొరపాటు. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా, కాబట్టి తుప్పు పట్టిన తీగ కూడా దానికి 230 చూపించగలదు.

బల్బు బాగా వెలిగితే ఇంకో మెట్టు: అది వెలుగుతుండగా న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలవండి. 100 వాట్ల బల్బు 0.43 ఆంపియర్లు లాగుతుంది. బల్బు వేయకముందు 1 వోల్టు ఉండి, వేశాక 10 అయిందంటే పెరిగిన 9ని 0.43తో భాగించండి, ఎర్త్ సుమారు 20 ఓమ్‌లు. ఇప్పుడు ఈ లెక్క చూడండి: ఫ్రిజ్ బాడీకి ఫేజ్ తగిలితే 230ని 20తో భాగించగా 11.5 ఆంపియర్లు ప్రవహిస్తాయి. 16 ఆంపియర్ల ఎంసీబీ (ఫ్యూజు బదులు వాడే, లోడ్ ఎక్కువైతే తానే పడే స్విచ్) దానికి కదలదు. ఎర్త్ ఉండి కూడా ఫ్రిజ్ లైవ్‌గానే నిలబడుతుంది. ఈ ఊరి రాతి నేలలో, ముఖ్యంగా బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వైపు, 20 ఓమ్‌ల కంటే దిగడమే కష్టం. ఆర్‌సీసీబీ (కరెంటు కొంచెం లీకైనా తానే తెంపే స్విచ్) తప్పదనేది అందుకే, ఏడో అడుగులో దానికే వస్తాం.

కొత్త గొయ్యి మామూలు కొలతలు: 40 మి.మీ. జీఐ పైపు, 2.5 మీటర్ల పొడవు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు, పైన నీళ్లు పోయడానికి గరాటు, ఇంటి గోడకు కనీసం 1.5 మీటర్ల దూరం. రాయి అడ్డొచ్చి రెండడుగులకే ఆగితే పైపు కోసేసి పైన సిమెంటు చేసే పనివాళ్లున్నారు. గొయ్యి పూడ్చకముందు పైపు పొడవు మీరే కొలవండి. రాయి ఉన్న చోట బోరు డ్రిల్లింగుతో రాగి పూత కడ్డీ దింపి బెంటొనైట్ (చెమ్మ పట్టి ఉంచే బంకమట్టి) మిశ్రమం నింపించడం మేలు. ఉప్పులా వానకు కరిగిపోదు, కడ్డీని తినదు. ఏ గొయ్యికైనా మార్చి నుంచి జూన్ దాకా వారానికి రెండు బకెట్లు నీళ్లు పోయండి.

6. సాకెట్ మార్చడం

ఎదురుగా నిలబడి చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడి చేతి వైపు ఫేజ్, ఎడమ వైపు న్యూట్రల్. రంగులు ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్.

మెయిన్, ఇన్వర్టర్ ఆపి, రెండో అడుగులో చెప్పినట్టు తేల్చుకున్నాక పాత సాకెట్ వైర్లకు టేపు అతికించి పేర్లు రాయండి. వైరు కొసన 8 నుంచి 10 మి.మీ. మాత్రమే తొడుగు తీయండి. సన్నని వైరైతే కొసను మడిచి స్క్రూ కింద పెట్టండి. ఒక్క పోగు కూడా బయట మిగలకూడదు. బిగించాక ఒక్కో వైరును లాగి చూడండి. ఎర్త్ వైరును మిగతా రెండింటికంటే రెండు అంగుళాలు పొడవు వదలండి: ఎవరైనా బోర్డు పట్టి లాగితే చివరిగా ఊడేది అదే కావాలి. ఇనప బాక్సు వాడితే బాక్సుకు కూడా ఎర్త్ తగిలించాలి. స్విచ్ ఫేజ్ మీదే ఉండాలి. స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు మినుకుమంటుంటే, స్విచ్‌లో ఇండికేటర్ కూడా లేకపోతే, స్విచ్ న్యూట్రల్ మీద ఉందేమో చూడండి.

చేయకూడనివి:

ఎర్త్ రంధ్రాన్ని న్యూట్రల్ స్క్రూకు చిన్న వైరుతో కలపడం. "టెస్ట్ ల్యాంప్ వెలుగుతుంది కదా" అని చేసేస్తారు. న్యూట్రల్ ఎక్కడ తెగినా సరే, ఆ క్షణం నుంచి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ బాడీలకు నేరుగా 230 వస్తుంది. ఇది చేసే మనిషిని ఇంట్లోకి రానివ్వకండి. కొన్న ఇల్లు, పాత పని అయితే కనిపెట్టడం ఇలా: ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంపే మెయిన్ ఆపి, ఇన్వర్టర్ వైర్లు విడదీసి, ప్లగ్గులన్నీ తీసి, సాకెట్‌లో న్యూట్రల్–ఎర్త్ మధ్య ఓమ్‌లు కొలవండి. సున్నాకు దగ్గరగా వస్తే ఎక్కడో కలిపారు.

6, 16 ఆంపియర్ల ప్లగ్గులు రెండూ పట్టే సాకెట్‌ను లైటు వైరు మీద బిగించడం. రంధ్రం పట్టింది కదా అని ఇస్త్రీపెట్టె, వాటర్ హీటర్ రాడ్ పెడతారు. 2,000 వాట్ల గీజర్‌కు 8.7 ఆంపియర్లు, 3,000 వాట్లదానికి 13 కావాలి. 1/18 వైరు మీద ఇది నడవదు. లైట్లకు 1.5 చదరపు మి.మీ. రాగి వైరు, 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ. 16 ఆంపియర్ల సాకెట్‌కు 2.5 వైరు, 16 ఎంసీబీ. ఏసీకి, పెద్ద గీజర్‌కు విడిగా 4 వైరు, 20 ఎంసీబీ. ఎంసీబీ ఊరికే పడుతోందని పెద్దది వేయడమంటే వైరును ఫ్యూజుగా మార్చడమే. పింగాణీ ఫ్యూజులు ఇంకా ఉంటే 5 ఆంపియర్లకు 0.2 మి.మీ., 15కు 0.5 మి.మీ. తగరం పూసిన రాగి ఫ్యూజు తీగ. విద్యుత్ వైరు పోగు విప్పి చుట్టడం కాదు.

ఇప్పుడప్పుడే ఎర్త్ కుదరకపోతే రెండు పిన్నుల సాకెట్‌నే కొత్తది వేసి ఉంచండి. వెనక చతురస్రంలో చతురస్రం గుర్తున్న చార్జర్లు, టీవీ లాంటివి దానికి చాలు, వాటికి ఎర్త్ అక్కర్లేదు. ఫ్రిజ్, గీజర్, వాషింగ్ మెషీన్, ఇస్త్రీపెట్టె మాత్రం ఎర్త్ వచ్చేదాకా అక్కడ పెట్టొద్దు.

7. ఆర్‌సీసీబీ

30 మిల్లీఆంపియర్లది, రెండు పోళ్లది (ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంపేది), 40 లేదా 63 ఆంపియర్లది. ఇన్వర్టర్ ఏసీలు, వాషింగ్ మెషీన్లు ఉన్న ఇంటికి 'టైప్ A' అని రాసి ఉన్నది తీసుకోండి. ఎక్కువ లోడ్‌నుంచి, షార్ట్‌నుంచి అది కాపాడదు. ఎంసీబీలు విడిగా ఉండాల్సిందే. 30 మిల్లీఆంపియర్లకు అది పడుతుంది కాబట్టి ఎర్త్ 100 ఓమ్‌లున్నా బాడీ మీద వోల్టేజీ 3 దాటకముందే కరెంటు పోతుంది. రాతి నేలకు దీన్ని మించిన మందు లేదు.

పాత ఇంట్లో పెట్టిన రోజే అది పడిపోతుంటుంది. దాన్ని తిట్టి తీసేయించడం తప్పు. కారణాలు వరసగా వెతకండి. లైట్ల న్యూట్రల్ పక్క సర్క్యూట్ నుంచో పక్క వాటా నుంచో తెచ్చుకుని ఉండొచ్చు: ఏదో ఒక్క లైటు వేస్తేనే పడుతుంటే ఇదే. న్యూట్రల్–ఎర్త్ ఎక్కడో కలిసి ఉండొచ్చు: లోడ్ పెరిగే కొద్దీ పడుతుంది. వాన పడితేనే పడుతుంటే చెమ్మ, ముందు మిద్దె పాయింట్లు చూడండి. గీజర్ వేసిన కొన్ని నిమిషాలకు పడితే కాయిల్. ఏదీ కాకపోతే ఎంసీబీలన్నీ దింపి, ఒక్కోటీ ఎక్కిస్తూ చూడండి. న్యూట్రల్ లీకైతే ఎంసీబీ దింపినా పోదు. ఆ సర్క్యూట్ న్యూట్రల్‌ను బార్ (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) నుంచి ఊడదీసి చూడాలి.

వీలైతే రెండు పెట్టించండి, వంటిల్లు–స్నానాల గదికి ఒకటి, మిగతా ఇంటికి ఒకటి. రాత్రి గీజర్ వల్ల ఒకటి పడినా ఇల్లంతా చీకటవదు. రెండింటి న్యూట్రల్ బార్లు వేరుగా ఉండాలి.

8. కొత్త లైను గోడ కోయకుండా

డంగు సున్నం, రాతి గోడలున్న ఇంట్లో కట్టర్ పెట్టి గోడ కోయించొద్దు. సున్నం గాడి వెంట నిలవదు, అరచేయంత పెచ్చులు రాలతాయి. ఆ తర్వాత సిమెంటుతో పూడిస్తే అది సున్నానికి అంటక ఏడాదికే చీలుతుంది. పీవీసీ కేసింగ్ పట్టీలు గోడ మీదే వేయించండి. కొత్త ఇంటివాళ్లకు నచ్చకపోవచ్చు, తలుపు చట్రాల వెంట, దూలాల కింద వేస్తే కంటికి అంతగా ఆనదు. సున్నంలో ప్లాస్టిక్ ప్లగ్గులు పట్టవు. పాత బ్యాటన్ కోసం గోడలో దిగ్గొట్టిన చెక్క గిట్టీలు చెదలు లేకుండా గట్టిగా ఉంటే వాటికే స్క్రూలు వేయండి, లేదంటే లోపలి ఇటుక దాకా దిగే పొడుగు స్క్రూలు వాడండి. పట్టీలో సగం ఖాళీ వదలండి.

వైరు లెక్కకు పాత పట్టీల పొడవు టేపుతో కొలిచి, ప్రతి బోర్డు దగ్గర 15 సెం.మీ., మొత్తం మీద పదిహేను శాతం కలపండి. చుట్ట 90 మీటర్లు. ఆకుపచ్చ వైరు కొనడం మరిచి, మిగిలిన నల్ల వైరుతో ఎర్త్ లాగేస్తారు. అయిదేళ్ల తర్వాత వచ్చిన మనిషి దాన్ని న్యూట్రల్ అనుకుంటాడు.

పాత వైర్లను గోడ మీద వదిలేయొద్దు. రెండు కొసలూ ఊడదీసి తీసేయించండి, తీయలేనివి రెండు చివర్లా కత్తిరించి టేపు వేయండి.

9. పని అయ్యాక, డబ్బులిచ్చే ముందు

ప్రతి సాకెట్‌లో ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్ రెండూ 230 దగ్గరగా, న్యూట్రల్–ఎర్త్ 2, 3 వోల్టులలోపు ఉండాలి. దూరపు సాకెట్‌లో 2,000 వాట్ల లోడ్ పెట్టి, అదే సమయంలో మీటరు బోర్డు దగ్గర, సాకెట్ దగ్గర కొలవండి. తేడా 7 వోల్టులు దాటితే ఎక్కడో జాయింటు వదులుగా ఉంది, లేదా వైరు సన్నం. ఆ లోడ్‌ను గంటసేపు నడిపి, ఆపి, ప్లగ్ తీసి పిన్నులు, సాకెట్ ముఖం ముట్టుకోండి. గోరువెచ్చన పరవాలేదు, చెయ్యి తీసుకోవాల్సి వస్తే విప్పి మళ్లీ బిగించాలి.

ఆర్‌సీసీబీ మీద టి బటన్ నొక్కితే పడాలి, నెలకోసారి నొక్కండి. ఒక్క విషయం: ఎర్త్ తీగ తెగిపోయి ఉన్నా ఆ బటన్ పనిచేస్తుంది. అది పరీక్షించేది తనను తానే. కాబట్టి బటన్ చూపించి ఎర్త్ బాగుందని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఎర్త్ టెస్టర్‌తో ఓమ్‌ల అంకె రాయించుకోండి.

మొదటి అడుగులో గీసిన పటాన్ని కొత్త ఎంసీబీల నంబర్లతో మళ్లీ రాసి డీబీ (ఎంసీబీల పెట్టె) తలుపు లోపల అతికించండి. పాత గుండ్రటి బేక్‌లైట్ స్విచ్‌లు, పింగాణీ రోజ్‌లు చూడముచ్చటగా ఉన్నాయని గోడ మీదే ఉంచాలనుకుంటే ఉంచండి, వెనక ఒక్క వైరు కూడా తగిలి ఉండకూడదు.